గుమ్మడికాయ సూపు, పన్నెండో కుర్చీ

ఆ ఇంట్లో అందరూ కలిసి భోజనం చేసే రోజున మనుషులు పన్నెండు మంది, కుర్చీలు పదకొండు. ముప్పై ఏళ్లుగా ఈ లెక్క ఎవరికీ తేడాగా అనిపించలేదు. నిమిషం ఆలస్యమైతే మండిపడే మనిషీ, కూరగాయల తూకం కాస్త తగ్గితే బజారంతా వినబడేలా అరిచే మనిషీ ఆ ఇంట్లోనే ఉన్నారు. కుర్చీ ఒకటి తక్కువైన సంగతి మాత్రం ఎవరి కంటా పడలేదు. ఎలా పడుతుంది? ఆ పన్నెండో మనిషి కూర్చోగా చూసినవాళ్లెవరు?

ఆమెను మరిది వదినా అంటాడు, తోడికోడలు అక్కా అంటుంది, అత్తగారు అమ్మాయ్ అంటుంది, భర్త ఏమోయ్ అంటాడు. పనిచేసే చోట మాత్రం ఆమె నంబరక్క. పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఏ వార్డు దుప్పటి ఆ వార్డుకే తిరిగి చేరాలి కాబట్టి అక్కడ ప్రతి మూటకీ ఒక గుడ్డ ట్యాగు, ప్రతి ట్యాగుకీ ఒక నంబరు. ఆ ట్యాగుల పిచ్చి ఇంటికీ పాకింది. తువ్వాళ్లకు నంబర్లు, దిండు గలీబులకు నంబర్లు, భర్త బనియన్లకు నంబర్లు. ఒకరోజు అత్తగారు తన చేతికర్రకు కూడా నలభై అనే ట్యాగు వేలాడుతుండటం చూసి, "ఇక నాకెప్పుడు కుడతావే?" అని అడిగింది.

"మీరు తప్పిపోయే మనిషి కాదులెండి అత్తయ్యా," అంది నంబరక్క.

నంబరక్క సూపులకు చుట్టాల్లోనూ పక్కిళ్లలోనూ పేరుంది. లాండ్రీ పక్కనే ఆసుపత్రి వంటిల్లు. రోగులకు రోజూ సూపులు కాచే ముసలి వంటావిడ దగ్గర ఆమె నేర్చుకున్న సూత్రం ఒక్కటే: సూపు కోసం కష్టపడకూడదు, కష్టపడితే అది సూపు కాదు, కూర. నాలుగు టమాటాలు, ఒక క్యారెట్, ఒక చిన్న ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు కుక్కర్లో పడేసి, మెత్తగా రుబ్బి, వడగట్టి, పైన మిరియాల పొడి చల్లితే టమాటా సూపు. మొక్కజొన్న గింజలు సగం రుబ్బి సగం అలాగే వదిలి, చెంచాడు మొక్కజొన్న పిండి చల్లని నీళ్లలో కలిపి పోస్తే మొక్కజొన్న సూపు. చల్లని నీళ్లు అని మళ్లీ చెబుతున్నాను. వేడి నీళ్లలో కలిపి, ఉండలు కట్టిందని పిండి అమ్మినవాణ్ణి తిట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. గుమ్మడికాయది మరీ సుఖం. ముక్కలు, ఉల్లిపాయ, కాస్త అల్లం, మునిగేటన్ని నీళ్లు. వేయించడం లేదు, తాలింపు లేదు. ముక్క మెత్తబడ్డాక చల్లార్చి రుబ్బడం, మళ్లీ వేడి చేసి దించే ముందు అరగ్లాసు పాలు పోయడం. అంతే.

సూపుకి తోడు చిన్న చిన్న పళ్లేలు. కీరదోస చక్రాల మీద నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు. ఉడికించిన గుడ్లను సగానికి కోసి, పచ్చసొన తీసి, మిరియాలు, ఉప్పు, కాస్త వెన్న వేసి మెదిపి, మళ్లీ ఆ గుంటలోనే నింపిన పడవలు. వెల్లుల్లి వెన్న రాసి ఓవెన్లో కాల్చిన బ్రెడ్డు ముక్కలు, బంగాళాదుంప బిళ్లలు. మరిది వీటిని స్టార్టర్లు అంటాడు. అనడమే కాదు, అవి పూర్తయ్యేదాకా ఇంకో పదార్థం మొహం చూడడు.

అయితే సూపుకి ఒక జబ్బుంది. వేడిగా తాగాలి. పదకొండు మంది వేడిగా తాగాలంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలు నింపుతూ ఉండాలి. ఆ ఎవరో ఒకరు ముప్పై ఏళ్లుగా మారలేదు.

ఆమెను ఎవరూ నిలబెట్టలేదు. ఈ మాట న్యాయంగా చెప్పుకోవాలి. అది చెడ్డవాళ్ల ఇల్లు కాదు. "నువ్వూ కూర్చోవచ్చుగా" అని అందరూ అంటారు, ఆ మాట అంటూనే ఖాళీ గిన్నె ముందుకు చాపుతారు. ఆమె ఒక మోడా లాక్కుని కూర్చోబోతే ఒకరికి ఉప్పు గుర్తొస్తుంది. ఉప్పు ఇచ్చి వస్తే ఇంకొకరికి నిమ్మకాయ. నిమ్మకాయ కోసి వచ్చేసరికి మోడా మీద మరిది పిల్లలు ఎక్కి ఉంటారు. అందరూ తేన్చి లేచాక గిన్నె అడుగున మిగిలిన నాలుగు గరిటెలు గట్టు దగ్గరే నిలబడి, నీళ్లు తాగినట్టు ఎత్తి తాగేస్తుంది. అప్పటికి దాని మీద మీగడ కట్టి ఉంటుంది.

ఇదంతా బయటపెట్టింది ఒక దుప్పటి.

లాండ్రీలో దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడతారు, దులుపుతారు, ఒకరి వైపు ఒకరు నడుస్తారు, అంచులు కలుపుతారు, మళ్లీ వెనక్కి వెళతారు. ఇస్త్రీ యంత్రాల మోతలో దూరంగా ఉన్నప్పుడు మాట వినబడదు. అందుకని అక్కడ మాటలన్నీ దగ్గరికొచ్చినప్పుడే, ముక్కలు ముక్కలుగా నడుస్తాయి. నంబరక్కకు పదేళ్లుగా ఒకే జోడీ. ఆమె గొంతు యంత్రాన్ని మించిన గొంతు.

"మీ అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజుకి ఏం సూపు?" దుప్పటి సగమైంది.

"గుమ్మడికాయ. ఆవిడకి అదే ఇష్టం." దుప్పటి పావైంది.

"మరి నీకు?"

ఆ దుప్పటి ట్రాలీలో పడింది. రెండోది వచ్చింది, మడిచారు. మూడోది వచ్చింది. నంబరక్క అంచులు సవరిస్తూనే ఉంది.

"ఏం సూపు ఇష్టమే అంటే అంత ఆలోచనా? నేనేమన్నా ఆస్తి రాసిమ్మన్నానా?"

"ఆలోచన కాదే. ఏది ఎలా ఉంటుందో నాకు సరిగా తెలీదు. నేను తాగేసరికి అన్నీ చల్లారిపోతాయి. చల్లారాక అన్నీ ఒకలాగే ఉంటాయి."

జోడీ దుప్పటి అంచు వదిలేసింది. లాండ్రీలో అది నేరం. ఉతికిన దుప్పటి నేలకి తగిలితే మళ్లీ ఉతకాలి.

"అదిగో, అటు చూడు," అంది గోడ వైపు చెయ్యి చూపిస్తూ.

గోడ పక్కన ఒక బెంచీ ఉంది. రెండు గంటలు ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడినవాళ్లు పావుగంట కూర్చోవాలి. అది ఎవరో దయతలిచి వేయించిన బెంచీ కాదు. పదకొండేళ్ల కింద లాండ్రీ ఆడవాళ్లంతా సూపరింటెండెంటు గది ముందు నాలుగు రోజులు బైఠాయించి సాధించిన బెంచీ. కాళ్ల నరాలు ఉబ్బిన ఇరవై ముగ్గురు ఆడవాళ్లను ముందుండి నడిపించింది, "కుర్చీలో కూర్చుని మాకు ఓపిక గురించి చెప్పకండి సార్" అని మొహాన అనేసింది ఎవరనుకున్నారు? నంబరక్కే.

"ఇక్కడ బెంచీ తెచ్చావు. ఇంట్లో గట్టు దగ్గర నిలబడి మీగడ తాగుతున్నావు. సిగ్గు లేదూ?" అంది జోడీ.

"ఇంట్లో ఎవరి మీద సమ్మె చేయనే? అందరూ కూర్చోమనే అంటారు."

"అయితే కూర్చో."

ఆ రాత్రి భోజనాల దగ్గర నంబరక్క ప్రకటించింది. "ఆదివారం అత్తయ్య పుట్టినరోజుకి నేను కూర్చుంటాను."

ఆమె భర్త బస్సు డిపోలో టైంకీపరుగా చేసి నిరుడే రిటైరయ్యాడు. ఇప్పటికీ చేతికి గడియారం, జేబులో చిన్న నోటుపుస్తకం లేకుండా వాకిట్లోకి కూడా వెళ్లడు. ఆయన తలెత్తకుండానే, "కూర్చో. ఎవరొద్దన్నారు?" అన్నాడు.

"అలా కాదు. అందరితో పాటు. మొదటి గిన్నె పట్టుకుని. సూపు పొగలు కక్కుతుండగా మొదలుపెట్టి, ఆఖరి చెంచా దాకా లేవను."

"అలాగే కానీ. మరి వడ్డించేదెవరు?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. అదే అసలు బాధ. బస్సు మీరే ఎక్కితే డ్రైవింగు ఎవరు చేస్తారని డ్రైవరును అడిగినంత అమాయకంగా అడిగాడాయన.

"మీరు," అంది నంబరక్క.

అత్తగారు చేతికర్ర నేలకేసి టక్కున కొట్టింది. "బాగుంది! పుట్టినరోజు నాదీ, కూర్చునే సరదా ఈవిడదీనా? చూస్తాగా. మూడో చెంచాకల్లా లేవకపోతే నన్నడుగు. అలవాటు లేని కుర్చీ, నడుం పట్టేస్తుంది అమ్మాయ్."

"పందెమా అత్తయ్యా?"

"పందెమే. నువ్వు లేవకుండా సూపు పూర్తిచేస్తే నీ ఎంగిలి గిన్నె నేను కడుగుతా."

లాండ్రీలో పది మందికి పని పంచడం ఆమెకు కొత్త కాదు. శనివారానికల్లా పదకొండు గుడ్డ ట్యాగులు తయారయ్యాయి. నంబరు, కింద పని. భర్తకు పొయ్యి, మరిదికి ఓవెను. తోడికోడలికి కీరదోస చక్రాలు. ఆడపడుచు భర్తకు నీళ్ల గ్లాసులు, ఆడపడుచుకు నిమ్మకాయలు, వాళ్ల కొడుక్కీ కోడలికీ బల్ల సర్దడం, మరిది పిల్లలిద్దరికీ చెంచాలు. కూతురికి అన్నిటికన్నా కష్టమైన పని, అమ్మ లేవకుండా చూడటం. ఒక్క అత్తగారికి మాత్రం ట్యాగు లేదు. పుట్టినరోజు మనిషికి పని చెబుతారా?

"అందరికీ ఇచ్చి నాకివ్వవా? నేను లెక్కలో లేనా?" అని ఆవిడ ఆ రోజంతా మూతి ముడుచుకుని కూర్చుంది.

పదకొండో ట్యాగు పన్నెండో కుర్చీకి. ఆ కుర్చీ ఎక్కడో లేదు, వెనక బాల్కనీలోనే ఉంది. ఏళ్ల తరబడి దాని మీద సబ్బుపొడి డబ్బా, దాని కింద బకెట్టు. ఒక కాలు కాస్త పొట్టి. దాన్ని కడిగి, ఆరబెట్టి, పొట్టి కాలి కింద మడతపెట్టిన అట్టముక్క పెట్టి, బల్ల దగ్గరికి లాగి, 12 అని ట్యాగు కట్టింది.

ఇక మిగిలింది భర్తకు సూపు నేర్పడం.

"నీళ్లు మునిగేదాకా పోసి, పొయ్యి మీద పెట్టి, మెత్తబడే దాకా ఉంచండి."

"మెత్తబడే దాకా అంటే ఎన్ని నిమిషాలు?"

"నిమిషాలు కాదండీ. చెంచాతో నొక్కితే ముక్క నలగాలి."

"అది టైము కాదే. టైము చెప్పు."

"ముక్క ముదురుదో లేతదో, పొయ్యి పెద్దదో చిన్నదో, దాన్ని బట్టి..."

"ఏమోయ్, ముప్పై నాలుగేళ్లు రోజుకి నూట అరవై బస్సులు పంపించాను. ఎండనీ, వాననీ, దాన్ని బట్టనీ చూసుకుంటే ఒక్క బస్సు కదిలేదా? టైము చెప్పు."

విసుగెత్తి ఆమె, "సరే. ఇరవై నిమిషాలు ఉడకాలి. గుడ్డ పట్టుకుని దించాలి. పది నిమిషాలు చల్లారాలి. మిక్సీలో రుబ్బాలి. మళ్లీ ఐదు నిమిషాలు వేడి, ఆపైన పాలు," అంది. ఆయన అంతా రాసుకున్నాడు. ఆయన మొహంలో వెలుగు చూస్తే, కొత్త రూటు మంజూరైనట్టుంది.

టైంకీపరు ఉద్యోగం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. బస్సు కదిలిందా లేదా అన్నది డ్రైవరు సంగతి. కదలాల్సిన టైము రిజిస్టరులో పడిందా అన్నదే ఆయన సంగతి. గేటు దగ్గర చక్రం ఊడి ఆగిపోయిన బస్సు కూడా ఆయన రిజిస్టరులో సకాలంలోనే బయల్దేరింది. ముప్పై నాలుగేళ్లు మంచిపేరు తెచ్చిన చెయ్యి అది.

ఆదివారం పొద్దున ఏడింటికి నంబరక్క గుడ్లు ఉడకబెట్టింది, గుమ్మడికాయ ముక్కలు కోసింది. కోశాక చేతులు కడుక్కుని వంటింట్లోంచి బయటికొచ్చేసింది. పదింటికల్లా అందరూ దిగారు. ఎవరి ట్యాగు వాళ్లకి పిన్నీసుతో పెట్టింది కూతురు.

"ఏమిటే వదినా, మమ్మల్ని కూడా ఉతకడానికి వేస్తావా?" అంది ఆడపడుచు.

"ఉతికితే బద్ధకం వదలదుగా అత్తా, అందుకే పని చెబుతోంది," అని కూతురు నవ్వింది.

పదకొండూ నలభైకి టైంకీపరు వంటింట్లోకి ప్రవేశించాడు. పొయ్యి మీద గిన్నె పెట్టాడు, మీట తిప్పాడు, లైటరు టక్కుమనిపించాడు, మూత పెట్టాడు, గడియారం చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. వంటింటికీ హాలుకీ మధ్య గిన్నెలు అందించే చిన్న కిటికీ ఉంది. అందులోంచి తల బయటపెట్టి, "పదకొండూ నలభై, పొయ్యెక్కింది!" అని కేకేశాడు. హాల్లో చప్పట్లు కొట్టారు.

నంబరక్క పన్నెండో కుర్చీలో కూర్చుంది. చేతులు ఏం చేసుకోవాలో తెలియక చీర కొంగుని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. అవతల మరిది ఓవెను ముందు నిలబడి, బంగాళాదుంప బిళ్ల కాలిందో లేదో చూడటానికి ఒకటి తిన్నాడు. ఆ ఒక్కటీ కాలితే మిగతావి కాలినట్టు కాదని ఇంకొకటి తిన్నాడు.

"ఒరేయ్, నీ పరీక్షలు ఆపు. తర్వాతి తరగతి వాళ్లకి కూడా మిగలనీ," అంది అత్తగారు.

సరిగ్గా పన్నెండింటికి దింపడం. గుడ్డతో జాగ్రత్తగా, నాలుగు మడతలు వేసి పట్టుకుని. పన్నెండూ పదికి మిక్సీ. ఆ మిక్సీ చప్పుడు వినగానే నంబరక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఉడికిన గుమ్మడికాయ మిక్సీలో మెత్తగా మూలుగుతుంది. ఇది గులకరాళ్లు ఆడించినట్టు గోల పెడుతోంది. ఆమె కుర్చీలోంచి సగం లేచింది.

"అమ్మా," అంది కూతురు, భుజం మీద చెయ్యి వేసి.

"ఆ చప్పుడు వినవే..."

"నేనేం వినలేదు. నువ్వూ వినలేదు. కూర్చో."

కూర్చుంది. పన్నెండూ ఇరవైకి మళ్లీ పొయ్యెక్కింది, ఐదు నిమిషాలకి దిగింది, పాలు పడ్డాయి. పన్నెండున్నరకి భుజాన తువ్వాలు వేసుకుని, పళ్లెంలో పన్నెండు గిన్నెలతో టైంకీపరు బయటికొచ్చాడు. నారింజ రంగు సూపు, పైన మిరియాల పొడి. చూడటానికి వంక పెట్టడానికి లేదు.

అందరికీ అందిందా లేదా అని చూస్తూ నంబరక్క ఇంకా చెంచా ఎత్తలేదు. మిగతావాళ్లు ఎత్తారు. ఎత్తినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొదట తేరుకున్నది మరిది. "అన్నయ్యా! చల్లగా... భలే ఉంది. కొత్త రకం."

"పెద్ద పెద్ద హోటళ్లలో సూపు చల్లగానే ఇస్తారట అక్కా, టీవీలో చూశాను," అంది తోడికోడలు, చెంచా గిన్నెలోనే వదిలేసి.

ఆడపడుచు భర్త దవడలు ఆడిస్తూ, "నమలడానికి కూడా ఉంది. ఆరోగ్యం," అన్నాడు.

టైంకీపరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఒక విషయం గమనించారా? ముప్పై ఏళ్లలో నంబరక్క సూపులో ఒక రవ్వ ఉప్పు తగ్గితే చెప్పని మనిషి లేడు. మగవాడు మొదటిసారి గరిటె పట్టుకునేసరికి పచ్చి గుమ్మడికాయ కూడా హోటలు వంటైపోయింది.

అత్తగారు మాత్రం నోట్లోది గిన్నెలోకే తిరిగి వదిలింది. "నా పుట్టినరోజున నాకు పచ్చి గుమ్మడికాయ పోస్తార్రా?"

"పచ్చిదా?" టైంకీపరు నోటుపుస్తకం తీశాడు. "పదకొండూ నలభైకి ఎక్కింది. పన్నెండింటికి దిగింది. పన్నెండూ ఇరవై, పన్నెండూ ఇరవై ఐదు. ఎక్కడా ఒక్క నిమిషం తేడా లేదమ్మా."

"పొయ్యి వెలిగిందా?" అడిగింది నంబరక్క.

"లైటరు టక్కుమందిగా."

"మంట చూశారా?"

"మంట చూడమని ట్యాగు మీద రాయలేదే!"

అప్పుడు నంబరక్క నుదురు కొట్టుకుంది. "అయ్యో, నేనే! పొద్దున గుడ్లు ఉడికాక సిలిండరు దగ్గర రెగ్యులేటరు ఆపేశాను. రోజూ చేసే పని, చెప్పాలన్న ధ్యాసే లేదు. తప్పు నాదే. ఉండండి, రెండు నిమిషాల్లో..."

రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేవబోయింది. పొట్టి కాలు కింద అట్టముక్క కిర్రుమంది. కూతురు చెయ్యి పట్టుకుంది గానీ ఆగేలా లేదు. ఆమె సూపు, ఆమె వంటిల్లు, ఆమె తప్పు. ఈసారి లేస్తే ఎవరూ ఏమీ అనరు. అసలు లేస్తేనే అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. పదకొండు జతల కళ్లు ఆమె వైపే చూస్తున్నాయి. మొదటి చెంచా కూడా ఎత్తకుండానే ఓడిపోతోంది.

టక్కున ఆమె ఒళ్లోకి ఒక కర్ర అడ్డంగా వచ్చి పడింది. నలభయ్యో నంబరు కర్ర. రైలు గేటు పడినట్టు, కుర్చీ ఈ చేతి నుంచి ఆ చేతి దాకా.

"కూర్చో," అంది అత్తగారు.

"అత్తయ్యా, రెండే నిమిషాలు..."

"నాకు తెలుసులే నీ రెండు నిమిషాలు. పెళ్లైన కొత్తలో రెండు నిమిషాలని వంటింట్లోకి వెళ్లావు. ఇవాళ వచ్చావు. కూర్చో."

"మరి పందెం?"

"పందెం సంగతి నేను చూసుకుంటా." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్ టైమూ! వెళ్లి సిలిండరు మీద మీట తిప్పు. ఆ గిన్నెలన్నీ మళ్లీ పొయ్యి మీద గిన్నెలో పోసి ఉడకబెట్టు. నాది తప్ప."

టైంకీపరు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "సిలిండరు ఎక్కడుంటుందమ్మా?"

ఆ మాటకి ఆడపడుచు నవ్వు ఆపుకోలేక నీళ్ల గ్లాసు ఒంపేసుకుంది. మీరూ నవ్వండి, తప్పులేదు. నవ్వాక ఒకసారి లేచి వెళ్లి, మీ ఇంట్లో అది ఎక్కడుందో చూసి రండి. ఆడవాళ్లు కూర్చోవచ్చు.

మరిది కూడా అన్న వెనకే వెళ్లాడు. ఇద్దరూ గట్టు కింద తలుపు తెరిచి, వంగి, ఏదో పాతాళ గుహ కనిపెట్టినట్టు కేకలేశారు. "దొరికింది!" కాసేపటికి పొయ్యి భుస్సుమంది. "వెలిగింది! నీలంగా ఉంది!" మంట రంగు చెప్పి మరీ హాల్లోవాళ్లకు ధైర్యం ఇచ్చారు.

ఆ తర్వాత కిటికీ గుండా చాలాసేపు రాయబారం నడిచింది.

"ఏమోయ్, బుడగలొస్తున్నాయి!"

"కలుపుతూ ఉండండి, అడుగంటుతుంది."

"ఎన్ని నిమిషాలు?"

"నిమిషాలొద్దు. రుచి చూడండి."

"నేనా?"

"మీరే."

చెంచా చప్పుడు. తర్వాత, "పచ్చిగా ఉంది," అని నీరసంగా ఒక గొంతు.

"అయితే ఇంకా కావాలి."

ఈలోగా హాల్లో గుడ్ల పడవలు మునిగిపోయాయి, బ్రెడ్డు ముక్కలు మాయమయ్యాయి. ఓవెను దగ్గర మరిది లేడు కాబట్టి బంగాళాదుంప బిళ్లలు మొదటిసారి అందరికీ సమంగా అందాయి. నంబరక్క ఒళ్లో కర్ర అలాగే ఉంది. అత్తగారు ఆ కుర్చీ చెయ్యిని వేలితో తడిమింది.

"ఈ పన్నెండూ నా పెళ్లికి మా నాన్న చేయించినవి. ఇది నాది," అంది.

"మరి బాల్కనీలోకి ఎలా వెళ్లింది నానమ్మా?" అడిగింది నంబరక్క కూతురు.

"నేను కూర్చుంటేగా? ఖాళీగా ఉన్న కుర్చీ మీద అందరూ సంచులు పెట్టారు. సంచుల తర్వాత బట్టలు, బట్టల తర్వాత సబ్బు డబ్బా. అలా మెల్లగా నడుచుకుంటూ బయటికి పోయింది. మీ అమ్మ కాపురానికొచ్చిన రోజున నాకు బల్ల దగ్గర చోటు దొరికింది. హమ్మయ్య అనుకున్నాను." ఆవిడ కోడలి వైపు చూడలేదు. "నా కాళ్ల నొప్పి తగ్గిందనుకున్నానే గానీ, అది ఎవరి కాళ్లకి పోయిందో చూడలేదు."

నంబరక్క మడిచిన కొంగు విప్పి, మళ్లీ మడిచింది. కూతురు మాత్రం తన ట్యాగు తీసి నానమ్మ జాకెట్టుకి పెట్టింది. అమ్మ లేవకుండా చూడటం.

"ఇదిగో, ఇప్పుడు లెక్కలోకి వచ్చాను," అంది ముసలావిడ.

ఒకటీ పదిహేనుకో ఒకటిన్నరకో సూపు వచ్చింది. ఎంతకి వచ్చిందో ఎవరూ సరిగా చెప్పలేరు, ఎందుకంటే రాసుకునే మనిషి రాసుకోలేదు. చొక్కా నిండా నారింజ మచ్చలు, ముంజేతి మీద చిన్న బొబ్బ, గడియారం తీసి వంటింటి కిటికీలో పెట్టేశాడు. మొదటి గిన్నె తెచ్చి నంబరక్క ముందు పెట్టాడు. పొగలు కక్కుతోంది.

"నొక్కి చూశాను. నలిగింది," అన్నాడు. ఆ మాటలో ఉన్న గర్వం ఆయన రిటైర్మెంటు సన్మానంలో కూడా లేదు.

అత్తగారు కర్ర తీసింది. నంబరక్క చెంచా ముంచింది. పైదాకా నింపి, రోజూ గట్టు దగ్గర తాగే అలవాటున, ఒక్క గుక్కలో నోట్లో పోసుకుంది.

మరుక్షణం ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ముక్కు ఎర్రబడింది. చెయ్యి గాల్లో విసురుకుంటూ, నోరు తెరిచి, హా హా అంటూ, కళ్లనీళ్లు కారుతుండగా అందరి మొహాలూ చూసింది.

"అమ్మో! ఇంత వేడిగానా మీకు ఇన్నాళ్లూ పోస్తున్నాను?"

"ఊదుకోవాలే అమ్మాయ్," అంది అత్తగారు. "సూపులు కాయడమేగానీ తాగడం రాదు దీనికి. ఇలా, చెంచా అంచు మీద. ఊ, ఊదు."

ఊదింది. రెండో చెంచా. ఊదింది. మూడో చెంచా దగ్గర అత్తగారు పైకే లెక్కపెట్టింది. నాలుగో చెంచాకి అల్లం ఘాటు గొంతులోకి దిగింది, వెనకాల గుమ్మడికాయ తీపి వచ్చింది. ఓహో, ఇది ఇలా ఉంటుందా అన్నట్టు ఆమె తల ఊపింది. మర్నాడు దుప్పటి మడతల మధ్య జోడీకి చెప్పాల్సిన జవాబు అప్పుడే తయారైంది.

అందరి గిన్నెలూ నింపి, తన గిన్నె గట్టు మీద పెట్టుకుని, టైంకీపరు గరిటెతో నిలబడి ఉన్నాడు. మరిది ఇంకో గరిటె అడిగాడు. వెళ్లి పోశాడు. ఆడపడుచు ఉప్పు అడిగింది. ఇచ్చాడు. ఆడపడుచు కోడలు మిరియాల పొడి అడిగింది. గట్టు మీద ఆయన సూపు మీగడ కట్టడం మొదలైంది.

"అందరూ ఇలా అడుగుతూ ఉంటే నేనెప్పుడు కూర్చోవాలి?" అన్నాడాయన, కాస్త కోపంగానే.

నంబరక్క ఆఖరి చెంచా నోట్లో పెట్టుకుని, గిన్నె అడుగు దాకా గీకింది.

"కూర్చోండి. ఎవరొద్దన్నారు?" అంటూ ఖాళీ గిన్నె ముందుకు చాపింది.